రెండో ఆదివారపు తండ్రి

ట్రామ్ దిగి వంతెన దాటగానే ఎడమచేతి వైపు పిల్లల విజ్ఞాన భవనం. పది గంటలకు గాని దాని తలుపులు తెరుచుకోవు. సెగావా హిసాషి మాత్రం ప్రతి నెలా రెండో ఆదివారం తొమ్మిదింపావుకే అక్కడికి చేరుకుని, గొడుగు మడిచి, చూరు కింద నిలబడేవాడు. చలికాలంలో రోడ్డు మధ్య గొట్టాలలోంచి చిమ్మే నీళ్ళు మంచును కరిగిస్తుండగా, ఆ బురదనీటిలో నడిచివచ్చే ప్రతి జత బూట్లనూ చూస్తూ ముప్పావుగంట గడిపేవాడు. ఆలస్యంగా వస్తే పోయే నిమిషాలు పిల్లలవి. తొందరగా వస్తే పోయేవి తనవి. ఈ విషయంలో అతనికి ఎన్నడూ సందేహం కలగలేదు.

నెలకు రెండు గంటలు, పది నుంచి పన్నెండు వరకు. విడాకులై మూడేళ్ళయింది. అందరి ఇళ్ళలో జరిగినట్లే పిల్లలిద్దరూ తల్లి పేరు కిందికి, తల్లి ఇంటికి వెళ్ళారు. తండ్రికి ఆదివారం మిగిలింది.

ఆ భవనంలో అతనిలాంటి తండ్రులు ఇంకో నలుగురైదుగురు ఉండేవారు. ఒకరికొకరు తల ఊపరు, పేర్లు తెలియవు, అయినా గుర్తుపడతారు. పిల్లలతో ఒకే ఇంట్లో బతికే తండ్రి బెంచీ మీద కునుకు తీస్తాడు, ఫోను చూసుకుంటాడు, ‘ఇంక చాలు, పదండి’ అని విసుక్కుంటాడు. రెండో ఆదివారపు తండ్రులు విసుక్కోరు. ఏ మీట నొక్కితే ఏ దీపం వెలుగుతుందో, ఏ యంత్రం ఎన్ని నెలలుగా పనిచెయ్యడం లేదో వాళ్ళకు కంఠతా వచ్చు. కన్నబిడ్డ మీద విసుక్కోగలగడం కూడా ఒక హక్కేనని, అది చేజారినవాడికి గాని తెలియదు.

ఆ ఫిబ్రవరి ఆదివారం హిసాషి కోటు లోపలి జేబులో ఒక ఉత్తరం ఉంది. అతని మాజీ భార్య తొమోమి తరఫు వకీలు పంపినది. పెద్దమ్మాయి అకానె ఏప్రిల్‌లో మాధ్యమిక పాఠశాల రెండో ఏడాదిలోకి వెళుతోంది. ఆటల సంఘం సాధన ఆదివారాలు కూడా ఉంటుంది. ఇకమీదట తండ్రిని కలవడానికి రావాలో వద్దో ఆమె ఇష్టానికే వదిలేస్తున్నాము. తన నిర్ణయాన్ని ఫిబ్రవరి కలయిక ముగిశాక, పిల్లల వెంట వచ్చే వ్యక్తికి చెబుతుంది. ఇంతే ఉత్తరం. హిసాషి దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఐదోసారి చదవడానికి అందులో ఏమీ మిగలలేదు గనుక మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు.

అతని తండ్రి ఇంటింటికీ మందుల పెట్టెలు పెట్టే మనిషి. తొయామా ఊరికి అది తరాల నాటి వృత్తి. వసంతంలో బయల్దేరి కొండల అవతలి జిల్లాల్లో తిరిగి, ఆకులు రాలే కాలానికి ఇల్లు చేరేవాడు. ప్రతి ఇంట్లో ఒక పెట్టె ఉంచడం, మరుసటేడు వెళ్ళినప్పుడు దాన్ని తెరిచి, వాడిన మందులకే డబ్బు తీసుకుని, వాటి స్థానంలో కొత్తవి నింపడం అతని పని. దగ్గు మందు అయిపోయి ఉంటే ఆ ఇంటి ముసలాయనకు శీతకాలం ఎలా గడిచిందో తెలుస్తుంది. పిల్లల జ్వరపు పొడి పొట్లాలు విప్పనే లేదంటే పిల్ల ఆరోగ్యంగా ఉందనైనా అర్థం, పిల్లే లేదనైనా అర్థం. అడగకూడదు. అది ఆ వృత్తికి మొదటి మర్యాద. ఇంటికి వచ్చినా ఆయన అదే చేసేవాడు. గుమ్మంలో బూట్లు విప్పి, కొడుకును పలకరించక ముందే సొంత ఇంటి పెట్టె తెరిచి చూసి, “వానాకాలంలో కడుపునొప్పి వచ్చిందన్నమాట,” అని తనలో తాను అనుకునేవాడు. హిసాషి కాగితపు తలుపు చాటున నిలబడి ఆ మాట వినేవాడు. తన నొప్పి తండ్రికి తెలిసిందన్న సంతోషం ఒకటే అతనికి తెలుసు. తండ్రి నోరు తెరిచి అడిగి ఉంటే అది ఎలాంటి సంతోషమై ఉండేదో పోల్చి చూసుకునే అవకాశం అతనికి రాలేదు. ప్రేమంటే గమనించడమని నేర్చుకున్నాడు. గమనించిన సంగతి అవతలి మనిషికి తెలియాలన్నది అందులో రెండో సగం. అది అతనికెవరూ నేర్పలేదు.

చదువయ్యాక బేరింగులు తయారుచేసే కర్మాగారంలో, కొలతల గదిలో చేరాడు. ఆ గదిలో ఏడాది పొడవునా ఒకే వేడి. కొలమానంగా వాడే ఉక్కు దిమ్మలను వట్టి చేత్తో పట్టుకోకూడదు. అరచేతి వెచ్చదనానికి ఉక్కు కంటికి కనబడనంత పెరిగినా కొలత చెడుతుంది. ఇరవై నాలుగేళ్ళు అతను తొడుగులు వేసుకున్న చేతులతో, ఊపిరి పక్కకు వదులుతూ పనిచేశాడు. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడని పై అధికారి ఒకసారి అన్నాడు. జీవితంలో అతనికి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే, అదీ అతని ఎదుట అన్నది కాదు.

తొమోమి అతనితో పదకొండేళ్ళు కాపురం చేసింది. అతను తాగి రాలేదు, గొంతు పెంచలేదు. ఆమెకు తలనొప్పి వచ్చిన రోజున పడక పక్కన మాత్ర, గోరువెచ్చని నీళ్ళు ఉండేవి. ఏమైందన్న ప్రశ్న మాత్రం ఉండేది కాదు. ఒక మార్చి ఉదయం ఆమె విడాకుల పత్రం తెచ్చి భోజనబల్ల మీద పెట్టింది. అతను మొదటినుంచి చివరిదాకా చదివి, సొరుగులోంచి, సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర తీసుకొచ్చాడు.

“ఎందుకని అడగవా?” అంది తొమోమి.

“నువ్వు ఆలోచించే తెచ్చి ఉంటావు.”

“ఆలోచించే తెచ్చాను. అయినా ఒక్కమాట అడుగుతావేమోనని, వారం రోజులు నా బ్యాగులోనే పెట్టుకుని తిరిగాను.”

అతను ముద్ర వేశాడు. అది వంకర లేకుండా, సరిగ్గా గడి మధ్యలో పడింది.

ఆ తరువాత వచ్చిందే పదకొండు నియమాల కాగితం. విడిపోయిన తండ్రీబిడ్డలు కలుసుకునేటప్పుడు వెంట మనిషిని పంపే సంఘం ఒకటి దాన్ని ఇచ్చింది. కానుకలివ్వరాదు. ఫోటోలు తీయరాదు. అవతలి ఇంటి సంగతులు పిల్లలను గుచ్చిగుచ్చి అడగరాదు, ఇది నాలుగోది. మాటలన్నీ వెంట ఉన్న వ్యక్తికి వినబడేలా ఉండాలి, ఇది ఆరోది. హిసాషి వాటిని వరసగా కంఠస్థం చేశాడు. చేసి, అలవాటు కొద్దీ ప్రతిదానికీ కొంత జాగా కలుపుకున్నాడు. కొలతల గదిలో పనిచేసేవాడు గీత దాకా రాడు, గీతకు ఇవతలే ఆగిపోతాడు. గుచ్చి అడగరాదన్నదాన్ని అసలు అడగరాదని మార్చుకున్నాడు. బడి అవతలి ఇంటి సంగతే కదా. స్నేహితులు, నిద్ర, కొత్త కోటు, మోకాలి మీది దెబ్బ, అన్నీ అవతలి ఇంటివే. మూడేళ్ళలో కూతుళ్ళను అతను అడిగిన ప్రశ్నలు మూడే మూడు: చలిగా ఉందా, దాహమేస్తోందా, తరువాత ఏ యంత్రం దగ్గరికి వెళ్దాం.

కానీ అతను చూసేవాడు. అకానె ఎడమ అరచేతిలో, బొటనవేలి మొదట్లో చర్మం గట్టిపడి ఉండడం అక్టోబరులోనే చూశాడు. చిన్నప్పుడు ఆ పిల్లది ఎడమచేతి వాటం. రాకెట్టు పట్టుకుంటే కాయ కాసే చోటు అదే గనుక టెన్నిస్ ఆడుతోందని తేల్చుకున్నాడు. ఆ శీతకాలమంతా సెలవు రోజుల్లో టీవీలో టెన్నిస్ చూశాడు. అంతవరకు అతనికి ఆ ఆటలో గెలుపోటములు ఎలా నిర్ణయిస్తారో కూడా తెలియదు. ఫిబ్రవరికల్లా బాగా తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పదికి ఐదు నిమిషాలుండగా మూల మీద తొమోమి కారు ఆగింది. తొమోమి దిగదు. ముకాయి గారు పిల్లలను చెరో పక్కన నడిపించుకుంటూ వచ్చింది. డెబ్బైకి దగ్గర పడిన ముకాయి గారు కుటుంబ న్యాయస్థానంలో పనిచేసి విరమించిన మనిషి. సంఘం తరఫున మూడేళ్ళుగా ఈ కుటుంబం వెంట వస్తున్నది ఆమే.

“నాన్నా! ఇవాళ ముద్రల కార్డు పూర్తి చేసెయ్యాలి,” అంది ఏడేళ్ళ కొయుకి, అట్ట ముక్క ఊపుతూ. ప్రతి యంత్రం పక్కనా ఒక రబ్బరు ముద్ర ఉంటుంది. అన్నీ కొట్టించుకుంటే కార్డు నిండుతుంది. “పోయిన నెల ముకాయి గారు మెట్లెక్కడానికి ఇంతసేపు చేసి రెండు ముద్రలు పోగొట్టారు.”

“నా మోకాళ్ళ సంగతి నీకేం తెలుసమ్మా. నీకూ డెబ్బై వస్తాయిలే,” అంది ముకాయి గారు.

“రావు. నాకింకా ఏడే.”

అకానె తండ్రికి తల వంచి నమస్కరించింది. ఇంట్లో పిల్లలు తండ్రికి అంత వంగి నమస్కరించరు. హిసాషి కూడా వంగాడు. ఆమె బూట్లు కొత్తవి, కిందటి వాటికన్నా అర సైజు పెద్దవి.

“చలిగా ఉందా?” అన్నాడు.

“లేదు.”

లోపల పొగసుడి తిరిగే గాజు గొట్టం దగ్గర, సైకిలు తొక్కితే బల్బు వెలిగే చోట, ఇనపరజను ముళ్ళపందిలా లేచి నిలబడే పెట్టె దగ్గర కొయుకి ముద్రలు కొట్టింది. తాడు లాగితే మనిషంత ఎత్తున సబ్బుపొర లేచే చోట, అది పగలకముందే అవతలి వైపు నిలబడ్డ తండ్రి ముఖాన్ని పొరలోంచి చూసి పగలబడి నవ్వింది. “నాన్న ముఖం రంగులు మారుతోంది! ముకాయి గారూ, రాసుకోండి, ఆకుపచ్చగా అయిపోయాడు!”

“రాశానులే,” అంది ముకాయి గారు, ప్రతి కలయిక వివరాలూ రాసే పుస్తకం తెరవకుండానే.

రెండో అంతస్తులో గిలకల కుర్చీ ఉంది. కూర్చున్న మనిషి తాడు లాగుతూ తనను తానే పైకి ఎత్తుకోవాలి. గిలకలు ఎక్కువైతే బరువు తగ్గుతుందని తెలియజెప్పడానికి మూడు కుర్చీలు వరసగా ఉంటాయి. అకానె ఒక్క గిలక ఉన్న దానిలో, పెద్దవాళ్ళు కూడా మధ్యలో వదిలేసే దానిలో కూర్చుని, ముఖం మారకుండా నాలుగు లాగుల్లో పైదాకా వెళ్ళిపోయింది.

“అక్కకి చేతుల్లో బలం నాన్నా,” అంది కొయుకి గర్వంగా. “రోజూ విల్లు లాగుతుంది కదా! ఇంట్లో రబ్బరు తాడు కట్టుకుని కూడా లాగుతుంది. అమ్మ విసుక్కుంటుంది.”

విల్లు. టెన్నిస్ కాదు. ఎడమచేతి బొటనవేలి మొదట్లో కాయ విల్లు పట్టుకునే చెయ్యిది. ఒక శీతకాలమంతా తాను చూసిన ఆటలో తన కూతురు లేదన్నమాట. హిసాషి నోటి దాకా ఒక ప్రశ్న వచ్చింది. ఎప్పటినుంచి? గురి చూసేటప్పుడు ఏమనుకుంటావు? పైన కుర్చీలో అకానె తాడు పట్టుకుని అలాగే ఆగింది. కిందికి, నేరుగా అతని కళ్ళలోకి చూస్తోంది. నాలుగు ఊపిర్లు తీసేంతసేపు చూసింది.

“జాగ్రత్త. తాడు జారుతుంది,” అన్నాడు హిసాషి.

ఆమె మెల్లగా తాడు వదులుతూ కిందికి దిగింది.

పదకొండున్నరకు కింది హాలుకు వచ్చారు. ఆ హాలుకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మనిషికన్నా ఎత్తైన లోహపు పళ్ళేలు రెండు ఎదురెదురుగా నిలబెట్టి ఉంటాయి. ఒక పళ్ళెం ముందు కూర్చుని దాని వైపు తిరిగి గుసగుసలాడితే, ఎంత సందడి ఉన్నా ఆ మాట అవతలి పళ్ళెం ముందున్న మనిషికి చెవిలో చెప్పినట్లు వినబడుతుంది. మధ్యలో నడిచేవాళ్ళకు ఏమీ వినబడదు. కొయుకి ముకాయి గారిని లాక్కుని పక్క గదిలోని ముద్ర కోసం వెళ్ళింది. అకానె తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, నువ్వు ఇక్కడ కూర్చో. నేను అటు వెళ్తా.”

మూడేళ్ళలో ఆమె తనంతట తానుగా అతన్ని ఒకటి చెయ్యమనడం అదే మొదటిసారి. హిసాషి కూర్చున్నాడు. ఎదురుగా మసక లోహం. వెనక ఎక్కడో హాలు చివర, వీపు అతని వైపు పెట్టి అకానె. ఒకరికొకరు కనబడరు.

“వినిపిస్తోందా?” అంది ఆమె గొంతు, అతని భుజం మీద గడ్డం ఆనించి మాట్లాడినట్లుగా.

“వినిపిస్తోంది.”

కొంచెంసేపు ఊపిరి చప్పుడు మాత్రమే వచ్చింది. ఆ ఊపిరి కూడా అతనికి చెవిలో వెచ్చగా తగిలినట్లు అనిపించింది.

“ఇకమీదట నేను రాకపోతే, నీకేమైనా అనిపిస్తుందా?”

జవాబు అతనికి తెలుసు. వెతుక్కోవలసిన పని లేదు. ఉత్తరం అందిన రోజు నుంచి అది నాలుక మీదే ఉంది. కానీ ఆ పళ్ళెం ముందు కూర్చుని చెబితే ముకాయి గారికి వినబడదు. మాటలన్నీ వినబడేలా ఉండాలి. మూడేళ్ళు ఒక్క నియమం తప్పని మనిషి, అన్నిటికన్నా ముఖ్యమైన మాటను నియమం తప్పి చెబితే, రేపు ఎవరైనా దాన్ని చెల్లదంటే? తన వల్ల ఆ పిల్లకు చిక్కు వస్తే? అతనికి దోవ ఒకటే కనబడింది. లేచాడు. పక్క గదిలోకి పదిహేను అడుగులు గబగబా నడిచాడు.

“ముకాయి గారూ, ఒక్క క్షణం ఇటు రాగలరా. అమ్మాయి ఒక మాట అడిగింది. మీ ఎదుట జవాబు చెప్పాలి.”

“ఏ మాట?”

“మీరొస్తే చెబుతాను.”

“ఉండు నాన్నా, సిరా ఆరనీ,” అంది కొయుకి కార్డు మీద ఊదుతూ. “చెరిగిపోతే మళ్ళీ మొదటినుంచి కొట్టాలి.”

ముకాయి గారు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. వాళ్ళు హాలులోకి వచ్చేసరికి అతను వదిలివచ్చిన పళ్ళెం ముందు పచ్చటోపీల కవల పిల్లలిద్దరు ‘ఊ, ఊ’ అని అరుస్తున్నారు. అవతలి పళ్ళెం దగ్గర ఎవరూ లేరు. అకానె కోట్లు తగిలించే కొయ్యల దగ్గర నిలబడి గుండీలు పెట్టుకుంటోంది. ఇంకా ఇరవై నిమిషాల సమయం ఉంది.

“అకానె, ఇందాక నువ్వు...”

“ఊరికే. పనిచేస్తుందో లేదో చూశాను.”

“దానికి జవాబు...”

“పనిచేస్తుంది. బాగా వినిపించింది,” అంది అకానె, పై గుండీ పెట్టుకుంటూ. “లేచి వెళ్ళిపోయిన చప్పుడుతో సహా.”

ముకాయి గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇప్పుడు ఆమె పక్కనే ఉంది. ఏ అడ్డూ లేదు. ఒక్క మాట చాలు. కానీ అకానె ముఖంలో తలుపు మూసుకోవడం హిసాషి చూశాడు. పిల్లలకు ఇష్టం లేని సంభాషణ పొడిగించరాదన్నది ఎనిమిదో నియమం. అతను నోరు మూసుకున్నాడు. చూడవలసినదంతా చూడగలిగిన మనిషికి, ఆ మూసిన తలుపు వెనక ఇంకా ఎవరో నిలబడే ఉన్నారన్నది మాత్రం కనబడలేదు.

పన్నెండయింది. స్తంభం పక్కన అకానె ముకాయి గారితో అర నిమిషం మాట్లాడింది. తరువాత తండ్రికి నమస్కరించింది, పొద్దున వంగినంతే, ఎక్కువా తక్కువా కాకుండా. కొయుకి మాత్రం కారుదాకా వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపింది.

ముకాయి గారు పిల్లలను కారెక్కించి తిరిగి వచ్చేసరికి హిసాషి గుమ్మం దగ్గరి బెంచీ మీద ఉన్నాడు. ఆమె నాణేలు వేస్తే టీ ఇచ్చే యంత్రంలోంచి రెండు వేడి సీసాలు తీసి, ఒకటి అతని చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది.

“రాదట,” అంది.

“అలాగా.”

“ఏమడిగింది?”

అతను ఆ మాటను అక్షరం పోకుండా చెప్పాడు.

“మరి మీరేమన్నారు?”

“మిమ్మల్ని పిలవడానికి వచ్చాను. ఆరో నియమం.”

ముకాయి గారు సీసా మూత తిప్పబోయి ఆగిపోయింది. “సెగావా గారూ, ఆ కాగితం ఎవరు రాశారనుకుంటున్నారు?”

“వకీలు. లేదా న్యాయస్థానం. నన్ను గురించి విచారించి...”

“అది మా ఆఫీసులో అచ్చు కాగితం. పెళ్ళాన్ని కొట్టినవాడికీ అదే ఇస్తాం, పిల్లని ఎత్తుకుపోతానని బెదిరించినవాడికీ అదే ఇస్తాం. అందులో మీ పేరొక్కటే చేత్తో రాసింది. అదీ నేనే రాశాను.”

“అడగరాదని ఉంది కదా.”

“గుచ్చిగుచ్చి అడగరాదని ఉంది. బడి ఎలా ఉంది తల్లీ అని అడగరాదని ఎక్కడుంది?” ముకాయి గారి గొంతు పెరిగింది, వెంటనే తగ్గించుకుంది. “మూడేళ్ళు నేనేమనుకున్నానో చెప్పనా? ఈ మనిషికి అడగాలని లేదు కాబోలు అనుకున్నాను. పుస్తకంలో కూడా రాశాను, ‘తండ్రి ప్రశాంతంగా ఉన్నారు, ప్రశ్నలేవీ వేయలేదు’ అని. మంచి మాటేననుకుని ప్రతి నెలా అదే రాశాను.”

“నాకు ముందే చెప్పి ఉంటే...”

“మీరడిగి ఉంటే చెప్పేదాన్ని,” అంది ముకాయి గారు. అన్నాక, ఆ మాట తనకే తగిలినట్లు తల దించుకుంది. “నేనూ అడగలేదు కదా. ఎందుకడగరని మిమ్మల్ని నేనూ ఒక్కసారి అడిగి ఉండాల్సింది.”

లోపల కవల పిల్లలు ఇంకా అరుస్తూనే ఉన్నారు.

ఆ నెలంతా హిసాషి కొలతల గదిలో ఎప్పటిలాగే పనిచేశాడు. నియమం పాటించేవాడికి ఒక సుఖం ఉంటుంది. జరిగినదానికి తాను బాధ్యుడు కాడన్న సుఖం. దాన్ని అతను మూడేళ్ళుగా అనుభవిస్తున్నాడని ఇప్పుడు తెలిసింది. మూడేళ్ళేనా? కాగితం లేని రోజుల్లో కూడా అతను అడగలేదు. ఏ నియమం ఆపింది గనుక తొమోమిని అడగలేదు? అడగడమంటే తనకు తెలియనిదొకటి ఉందని, అది అవతలి మనిషి దగ్గరే ఉందని, ఆ మనిషి ఇస్తే తప్ప దొరకదని ఒప్పుకోవడం. చూసి తెలుసుకునేవాడు ఎవరి ముందూ చెయ్యి చాచనక్కరలేదు. తాను మర్యాద అనుకున్నదానిలో ఎంత పాలు భయమో అతను విడదీసి చూసుకోవాలని ప్రయత్నించాడు. ఇంత సూక్ష్మమైన కొలతలు తీసిన చేతికి ఆ ఒక్కటి అందలేదు.

ఉత్తరం రాశాడు. ఏడు కాగితాలు పాడుచేశాక మిగిలినవి మూడు వాక్యాలు: అనిపిస్తుంది. ఆ రోజు లేచి వెళ్ళింది జవాబు చెప్పడానికే. విల్లు గురించి నువ్వు చెబితే వినాలని ఉంది. సంఘం ద్వారా పంపాడు. అకానె కవరు తీసుకుందని, తెరిచిందో లేదో తెలియదని ముకాయి గారు ఫోనులో చెప్పింది.

మార్చి రెండో ఆదివారం కొయుకి ఒక్కతే వచ్చింది. మంచు కరిగి రోడ్లు బయటపడ్డాయి. ముద్రల కార్డు నిండిపోయింది గనుక ఆ పిల్ల కొత్త కార్డు తీసుకుని, ఇసుక మీద గీతలు గీసే లోలకం దగ్గర కూర్చుంది. హిసాషి పక్కన కూర్చుని, లోలకం రెండు చుట్లు తిరిగేదాకా ఆగి అన్నాడు:

“అక్క ఎలా ఉంది?”

కొయుకి తలెత్తింది. “ముకాయి గారూ! నాన్న నన్ను ప్రశ్న అడుగుతున్నాడు!”

“నాకూ వినబడింది. చెప్పు మరి.”

“బాగుంది. జుట్టు ఇక్కడిదాకా కత్తిరించేసుకుంది. అబ్బాయిలా ఉన్నావని నేనంటే నెత్తి మీద మొట్టింది. అమ్మ ఏడ్చినంత పని చేసింది.”

“ఎందుకు కత్తిరించుకుంది?”

“వేసవిలో పోటీలున్నాయట. చెమటకట.”

“బాణం ఎంత దూరం వెళ్తుంది?”

“నాకేం తెలుసు? అక్కనే అడగొచ్చుగా,” అంది కొయుకి, అది లోకంలో అన్నిటికన్నా తేలికైన పని అన్నట్లు.

హిసాషి ఇసుక మీద కొత్తగా పడుతున్న గీతను చూశాడు. “కొయుకీ, అక్కతో ఒక మాట చెప్తావా? నాన్న...”

“సెగావా గారూ.” ముకాయి గారు గొంతు తగ్గించి, అతనికే వినబడేలా అంది. “ఏదైనా అడగండి. అది మాత్రం వద్దు. ఈ పిల్ల ఆ మాట మోసుకెళ్ళాలి, వాళ్ళక్క ముఖం చూడాలి, చూసిన ముఖాన్ని మళ్ళీ మీ దగ్గరికి మోసుకురావాలి. ఏడేళ్ళ పిల్ల.”

అతను ఆగిపోయాడు. ఇన్నేళ్ళుగా అతను ఆగిన చోట్లన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి; అందులో ఆగవలసిన చోటు ఇదొక్కటే.

“ఏం చెప్పాలి అక్కతో?” అంది కొయుకి.

“ఏం లేదు. నువ్వు నోరు తెరువు.”

“ఎందుకు?”

“కింద పన్ను లేదు. ఎప్పుడు ఊడింది?”

“మంగళవారం! బడిలో, పాలు తాగుతుంటే!” కొయుకి లోలకాన్ని వదిలేసి అతని వైపు పూర్తిగా తిరిగింది. “కింది పన్ను ఇంటి కప్పు మీదికి విసరాలి కదా, మాకేమో కప్పు లేదు, ఐదో అంతస్తు. అందుకని పక్కనే సైకిళ్ళు పెట్టే షెడ్డుంది చూడు, దాని మీద వేద్దామనుకున్నాం. నేను విసిరితే కిందింటివాళ్ళ పూలకుండీలో పడింది. మళ్ళీ వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాం.”

“కిందింటివాళ్ళు ఏమన్నారు?”

“ఇది మొలుస్తుందేమో, నీళ్ళు పోస్తామన్నారు.” ఆ పిల్ల నవ్వినప్పుడు ఆ ఖాళీలోంచి నాలుక కొస కనబడింది. “రెండోసారి అక్క విసిరింది. అక్క చెయ్యి పడిందంటే ఇంకేముంది. షెడ్డు దాటి, గోడ దాటి, ఎక్కడ పడిందో కూడా కనబడలేదు.”

హిసాషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ముకాయి గారు పుస్తకం మూసి, కిటికీలోంచి నది వైపు చూస్తూ కూర్చుంది. లోలకం తనంతట తాను నెమ్మదిస్తోంది. గోడ మీద గడియారం పదిన్నర చూపిస్తోంది.

“నాన్నా, వింటున్నావా?”

“వింటున్నాను,” అన్నాడు అతను, తిరిగి చూడకుండా. “తర్వాత?”